గౌలిగూడలో మా ముత్తాత గారి భవంతి: సిమెంటు తీసి మళ్లీ సున్నం పూయించాలా?

గౌలిగూడ భవంతి రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. గౌలిగూడ సందుల్లో మా ముత్తాత గారు కట్టించిన భవంతి ఇల్లు ఒకటి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వారి పాత ఇల్లు పోయిందనీ, అందుకే ఈ ఇంటి అరుగును వీధి కంటే నాలుగడుగుల ఎత్తు కట్టించారనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. నడుమ షాబాదు బండలు పరిచిన వాకిలి, దాని చుట్టూ టేకు స్తంభాల వసారా, వసారా వెనుక ఆరు గదులు ఉన్నాయి. గోడలు ఇరవై రెండంగుళాల మందపు రాతి గోడలు. పైన టేకు దూలాల మీద వేసిన మిద్దె.

మా తాతగారికి నలుగురు సంతానం: పెదనాన్న గారు, మేనత్త గారు, ఇప్పుడు మన మధ్య లేని మా నాన్నగారు, బాబాయి గారు. తొమ్మిదేళ్లుగా ఇంటికి తాళం వేసి ఉంది. ఆ స్థలంలో అపార్టుమెంటు కడతామని ఇద్దరు బిల్డర్లు అడిగారు. పోయిన దసరాకు నాలుగు కుటుంబాల వాళ్లమూ వాకిట్లో కూర్చుని రెండు రోజులు మాట్లాడుకున్న తరువాత, ఇల్లు బాగు చేయించాలనీ, ఖర్చు నాలుగు వాటాలుగా పెట్టుకోవాలనీ, చేతనైన పనులు ఆదివారాలు మేమే చేసుకోవాలనీ నిర్ణయించాము.

సమస్య ఇది. లోపలి గోడలన్నిటికీ నడుము ఎత్తు వరకు చౌడు పట్టింది. తెల్లని ఉప్పు పొంగి పూత పెచ్చులుగా రాలుతోంది. పడమటి వైపు రెండు గదుల్లో మిద్దె కారుతోంది. 1980లలో నాన్నగారు లోపలి గోడలకు సిమెంటు పూయించి, మిద్దె మీద రెండంగుళాల సిమెంటు పొర వేయించారు. ఇప్పుడు ఒక వృద్ధ మేస్త్రీ వచ్చి చూసి, సిమెంటంతా చెక్కించి డంగుసున్నం (గానుగలో నూరిన సున్నం) పూయమన్నారు. నీటి కారుడు ఆపే పనులు చేసే ఒక కంపెనీ వాళ్లేమో, ఉన్న పూత మీదనే రసాయనపు పొర వేస్తే చాలునంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఆ సిమెంటు పని నాన్నగారు నెల రోజులు సెలవు పెట్టి, పగలంతా ఎండలో నిలబడి దగ్గరుండి చేయించినది. దాన్ని చెక్కేయమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.


విశ్రాంత ఇంజనీరు రాశారు:

అమ్మా, ముందుగా మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతాను: మేస్త్రీ గారు చెప్పినదే సరైనది.

రాతి గోడ నేలలోని తేమను ఎప్పుడూ ఎంతో కొంత పైకి పీల్చుతూనే ఉంటుంది. సున్నపు పూతకు సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఆ తేమ పూత గుండా బయటికి వచ్చి గాలికి ఆరిపోతుంది. మీ ముత్తాత గారి కాలం నుంచి 1980ల దాకా ఆ గోడ బతికింది అలాగే. దాని మీద సిమెంటు పూసినప్పుడు తేమకు దారి మూసుకుపోతుంది. దారి దొరకని తేమ ఇంకా పైకి ఎక్కుతుంది, తనతో పాటు తెచ్చిన ఉప్పును పూత వెనుక వదులుతుంది, ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బినప్పుడు పూతను నెట్టేస్తుంది. మీరు చూస్తున్న పెచ్చులు అవే. రసాయనపు పొర వేస్తే మూసిన తలుపుకు ఇంకొక గడియ పెట్టినట్టే అవుతుంది. ఒకటి రెండేళ్లు గోడ శుభ్రంగా కనిపిస్తుంది, తరువాత చౌడు నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తుకు వెళ్తుంది.

మిద్దె గురించి ఇంకా ఎక్కువగా ఆలోచించాలి. ఆ కాలపు మిద్దెలో దూలాల మీద వాసాలు, వాసాల మీద ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు వేసి, చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరచేవారు. ఆ బరువును లెక్కలోకి తీసుకునే దూలాలు పెట్టారు. దాని మీద రెండంగుళాల సిమెంటు వేస్తే చదరపు మీటరుకు 110 కిలోలు అదనం. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న ఒక్క గది మీదనే దాదాపు 2,500 కిలోల కొత్త బరువు పడుతుంది. పైగా ఎండకు సిమెంటు ఒక రకంగా, కింద సున్నం ఒక రకంగా సాగుతాయి కాబట్టి పగుళ్లు తప్పవు, ఆ పగుళ్లలో దిగిన నీరు సున్నంలో నిలిచి దూలం చివరలకు చేరుతుంది. కాబట్టి మొదటి పని గోడ కాదు, మిద్దె. పైనుంచి నీరు ఆగకుండా కింద ఎంత పూసినా వృథా.

మీ నాన్నగారి సంగతికి ఒక మాట. 1980లలో నేను కూడా ఉద్యోగంలో ఉన్నాను. పాత గోడలకు సిమెంటు పూయమని నేనే ఎన్నో నివేదికలు రాశాను. ఆ రోజుల్లో మా అందరి నమ్మకం అదే. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్టు వారు మొదలుపెట్టిన పరిరక్షణ పనుల్లో, గత శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే పూసిన సిమెంటు పొరలను చెక్కించి తిరిగి సున్నం వేయించారు. ఇల్లు నిలవాలనే మీ నాన్నగారు ఆ పని చేయించారు, మీరు చేయించబోయేదీ అందుకే.


అడితి వారి అబ్బాయి రాశారు:

మాది మూడు తరాలుగా కలప పని. ఇంజనీరు గారు చెప్పిన దూలం చివరల గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంటుంది.

దూలం నడుమ భాగం గాలికి ఉంటుంది కాబట్టి అది వందేళ్లయినా చెక్కుచెదరదు. గోడలోకి దిగిన ముప్పాతిక అడుగు మాత్రం మనకు కనిపించదు, పాడయ్యేది అదే. ప్రతి దూలాన్ని గోడకు ఆనుకున్న చోట చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి కలప ఖంగుమంటుంది, పుచ్చిన కలప డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట పదునైన ఊచను గుచ్చితే ఎంత లోతుకు దిగిందో దాన్ని బట్టి తెలిసిపోతుంది. చెదల మట్టి గీతలు గోడ మీద ఉన్నాయేమో కూడా చూడాలి.

చివర పుచ్చిన దూలాన్ని మొత్తం తీసేయమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. కింద తాత్కాలిక ఆధారంగా ఇనుప ముట్లు పెట్టి బరువు ఆపి, పుచ్చిన భాగం వరకే కోసి, అదే లావు పాత టేకును ఏటవాలు కోతతో అతికి, రెండు వైపులా ఉక్కు పట్టీలు, బోల్టులు వేస్తే సరిపోతుంది. కూల్చిన ఇళ్ల నుంచి వచ్చే పాత టేకు దూలాలు నగరంలోని అడితీల్లో దొరుకుతాయి. కొత్త కలప కంటే అవే మేలు, ఎందుకంటే అవి పూర్తిగా ఆరి ఉంటాయి, ఇక వంకర పోవు. తిరిగి గోడలో పెట్టేటప్పుడు దూలం చివర చుట్టూ అంగుళం ఖాళీ వదలాలి. ఆ చివరకు గాలి తగలాలి, సిమెంటుతో బిగించేయకూడదు. ముట్లు పెట్టకుండా మాత్రం మిద్దె మీది సిమెంటును సమ్మెటలతో పగలగొట్టనివ్వకండి. ఆ అదురుకు కింద ఇటుక వరుస జారిపోయిన ఇల్లు నేను కళ్లారా చూశాను.


నారాయణగూడ న్యాయవాది రాశారు:

పనుల సంగతి పెద్దలు చెబుతున్నారు. నేను కాగితాల సంగతి చెబుతాను. ఇల్లు ఇంకా పంపకం కాలేదని మీ మాటల వల్ల అర్థమవుతోంది. అటువంటప్పుడు ఖర్చు పెట్టే ముందే నాలుగు శాఖల వారూ సంతకాలు చేసిన ఒప్పందం రాసుకోండి. ఎవరి వాటా ఎంత, ఎవరు ఎంత ఖర్చు పెట్టారు, రేపు ఎవరైనా వాటా అమ్ముకోదలచుకుంటే ముందుగా ఎవరికి చెప్పాలి, ఇవన్నీ అందులో ఉండాలి. మీ నాన్నగారి తరఫున మీ అమ్మగారు, మీరు, మీ తోబుట్టువులు అందరూ సంతకం చేయాలి.

మీ మేనత్త గారి సంతకం మర్యాద కోసం తీసుకునేది కాదు, హక్కు కాబట్టి తీసుకోవాలి. వీలునామా లేకుండా పోయిన హిందువు ఆస్తిలో కూతురుకు కొడుకుతో సమానమైన వాటా 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూడా 2005 సవరణ కూతురిని కొడుకుతో సమానం చేసింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేననీ, సవరణ నాటికి తండ్రి జీవించి ఉండాలన్న నియమం లేదనీ 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉందేమో చూసుకోండి. 1995లో తెచ్చిన నిబంధన కింద నగరంలో అలాంటి జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధనను తొలగించారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. జాబితాలో లేకపోయినా, నిర్మాణపు ఆకారం మార్చే పని ఏదైనా ఉంటే మున్సిపల్ కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది.


లాడ్‌బజార్ వెనుక ఇల్లు రాశారు:

న్యాయవాది గారి మాటకు ఒక అనుభవం కలుపుతాను. మా ఇల్లు చార్మినారుకు దగ్గర. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన ఇంకొక 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది. అక్కడ మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. మాకు ఆ సంగతి తెలియక సగం పని అయిన తరువాత ఆపవలసి వచ్చింది, ఒక వానాకాలం అంతా వసారా టార్పాలిను కింద గడిచింది. గౌలిగూడ చార్మినారుకు దూరమే కాబట్టి మీకు ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ ఈ చర్చ చదివే పాతబస్తీ వారెవరైనా ముందు ఆ దూరం కొలిపించుకోండి.


సుల్తాన్‌బజార్ పాత నివాసి రాశారు:

నా మాట మీకు రుచించకపోవచ్చు, అయినా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం దగ్గరలో మాకూ ఇలాంటి ఇల్లే ఉండేది. మేము ఐదుగురం అన్నదమ్ములం కలిసి బాగు చేయించడం మొదలుపెట్టాము. రెండో ఏడు డబ్బు ఇవ్వలేక ఒకరు, ఓపిక లేక ఇంకొకరు తప్పుకున్నారు. మూడో ఏడు మాటలు పెరిగాయి. చివరికి ఇల్లు బిల్డరుకు ఇచ్చాము. ఇల్లు పోయినందుకు కాదు, మా పెద్దన్నయ్యతో ఆరేళ్లు మాట్లాడకుండా గడిపినందుకు నేను ఇప్పటికీ బాధపడతాను. గోడలకంటే ముందు, ఎవరు ఏ స్థితిలో తప్పుకున్నా మనసు కష్టపెట్టుకోకుండా ఉండే ఏర్పాటు చేసుకోండి.


గౌలిగూడ భవంతి రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. సుల్తాన్‌బజార్ వారి సందేశాన్ని ఆదివారం నాడు వాకిట్లో అందరికీ చదివి వినిపించాను. బాబాయి గారు ఉద్యోగ విరమణ చేశారు, వారికి నెల నెలా ఇవ్వడం కష్టమని ఇంతవరకు పైకి చెప్పలేకపోయారు. ఆ సందేశం విన్న తరువాత చెప్పారు. వారి వాటాలో సగం డబ్బుగా, సగం పని చూసుకోవడంగా లెక్క వేయాలని పెదనాన్న గారే ప్రతిపాదించారు. న్యాయవాది గారు చెప్పినట్టు ఒప్పందంలో ఆ సంగతి రాయించాము, ఎవరైనా వైదొలగితే అప్పటివరకు పెట్టిన ఖర్చు ఎలా తిరిగి ఇవ్వాలో కూడా రాయించాము. మేనత్త గారు మొదటి సంతకం చేశారు.


గౌలిగూడ భవంతి రాశారు (ఐదు వారాల తరువాత):

పదిహేడు దూలాలనూ తట్టి చూశాము. నాలుగింటి చివరలు పుచ్చాయి, ఆ నాలుగూ పడమటి గోడలోనివే. ముట్లు పెట్టించాము. సిమెంటు పొరను సమ్మెటలతో కాకుండా, కోత యంత్రంతో చిన్న చిన్న గడులుగా కోసి ఉలితో ఎత్తించాము. దానికి పన్నెండు రోజులు పట్టింది.

ఈలోగా మేము ఊహించని సంగతి ఒకటి బయటపడింది. నీరు పడమటి వైపే ఎందుకు చేరుతోందో ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజు మేనత్త గారు మిద్దె ఎక్కలేక వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పైనుంచి మా మాటలు విని, "అక్కడ రాతి తూము ఉండాలి కదా, వాన వస్తే మేమంతా దాని కిందనే తడిసేవాళ్లం" అన్నారు. మాలో ఎవరమూ ఆ తూమును చూడలేదు. వారు చూపించిన చోట పిట్టగోడ అడుగున తవ్వితే, సిమెంటు పొర కింద జానెడు వెడల్పు నల్లరాతి తూము బయటపడింది. మిద్దె వాలు అంతా ఆ తూము వైపే ఉంది. 1980ల పనిలో దాన్ని మూసేసి, తూర్పున పి.వి.సి. గొట్టం పెట్టారు. వాలు పడమటికి, గొట్టం తూర్పున. నలభై ఏళ్లుగా ప్రతి వానకూ నీరు ఆ మూసిన తూము దగ్గర నిలిచి గోడలోకి దిగుతూ ఉంది.

వాకిట్లో ఆ తూము కింద ఉండవలసిన కాలువ మీద కూడా బండలు పరిచేశారు. రెండు బండలు ఎత్తి చూస్తే మట్టితో నిండిన పాత కాలువ కనిపించింది. మా పిన తమ్ముళ్లు ముగ్గురు రెండు ఆదివారాలు దాన్ని తవ్వి శుభ్రం చేశారు.


విశ్రాంత ఇంజనీరు రాశారు:

చాలా సంతోషంగా ఉంది. మీ చౌడులో నేల తేమ పాలు ఎంతో, ఈ తూము పాలు ఎంతో ఇప్పుడు విడదీసి చూడవచ్చు. తొందరపడి లోపలి గోడలకు పూత వేయించకండి. సిమెంటు చెక్కిన తరువాత గోడను కనీసం ఒక ఎండాకాలం అలాగే ఆరనివ్వండి. పైకి వచ్చే ఉప్పును పొడి చీపురుతో, పొడి బ్రష్షుతో ఊడ్చి ఇంటి బయట పారబోయండి. నీళ్లతో కడిగితే అది మళ్లీ కరిగి గోడలోకే పోతుంది.


సున్నం మేస్త్రీ గారి మనవరాలు రాశారు:

మా తాతగారు గానుగ సున్నం పని చేసేవారు. నేను వాస్తు నిర్మాణ శాస్త్రం (ఆర్కిటెక్చర్) చదువుకుని ఇప్పుడు అదే పనిలో ఉన్నాను కాబట్టి పూత గురించి రాస్తున్నాను.

కాల్చిన సున్నపు రాయిని నీళ్లలో వేసినప్పుడు అది కుతకుత ఉడుకుతుంది. ఆ దశలో పిల్లలను దగ్గరికి రానివ్వకండి, పనివారికి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరిగా ఇవ్వండి. అలా విరిసిన సున్నాన్ని నీటి కింద ఎన్ని వారాలు నానబెడితే అంత వెన్నలా వస్తుంది. నెలకు తక్కువ అసలు వద్దు. దుకాణంలో సంచీలో దొరికే పాత సున్నం గాలి తగిలి అప్పటికే సగం రాయిగా మారి ఉంటుంది, పూతకు పట్టు ఉండదు. నానిన సున్నం, జల్లెడ పట్టిన ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో నూరితే వచ్చేదే డంగుసున్నం. ఇప్పుడు ఎద్దుల గానుగకు బదులు మోటారు గానుగ వాడుతున్నారు. నూరడంలో మాత్రం తొందర పనికిరాదు.

బెల్లం, కరక్కాయ నీళ్ల గురించి అందరూ అడుగుతారు. రెండూ పాతవారు వాడినవే. కరక్కాయలు దంచి, బెల్లంతో కలిపి నానబెట్టి, వడకట్టిన నీళ్లు పోస్తే సున్నం బాగా సాగుతుంది, పగుళ్లు తగ్గుతాయి. అయితే ఎక్కువ పోస్తే ఎక్కువ బలం అనుకోవడం పొరపాటు. బెల్లం హెచ్చితే పూత ఆరడం ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాళ్లను నమ్మకండి. మీ గోడ నుంచి రాలిన పాత సున్నపు పూత ముక్కను పరీక్షకు ఇచ్చి అందులో ఏమున్నదో తెలుసుకోండి. ఆ తరువాత మూడు రకాల పాళ్లతో, మూడేసి అడుగుల చదరాలుగా, ఎవరికీ కనిపించని గోడ మీద నమూనాలు వేయించండి.

ఒక్కో పొర అరంగుళం మించకూడదు. పొరకూ పొరకూ మధ్య రోజులు ఆగాలి. ఎండ నేరుగా తగలకుండా తడి గోనెలు వేలాడదీయాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది, ఎండకు ముందే ఆరిపోతే ఆ పని జరగదు. అందుకే వానలు వెళ్లిన తరువాత, కార్తీకం నుంచి మాఘం వరకు ఈ పనికి మంచి కాలం. చివరగా ప్లాస్టిక్ రంగులు, పుట్టీ వేయకండి. మూడు చేతుల సున్నం వేస్తే చాలు.


సుల్తాన్‌బజార్ పాత నివాసి రాశారు:

తూము సంగతి చదివాను. మీ మేనత్త గారి దగ్గర కూర్చుని వారికి గుర్తున్నవన్నీ రాసుకోండి. బావి ఎక్కడ ఉండేది, వంటింటి నీళ్లు ఎటు పోయేవి, ఏ గదిలో చెమ్మ ఉండేది. మా ఇంట్లో అలా అడగవలసిన వారిని మేము అడగలేదు.


గౌలిగూడ భవంతి రాశారు (రెండున్నర నెలల తరువాత):

చాలామంది అడిగారు కాబట్టి ఇప్పటి స్థితి రాస్తున్నాను. నాలుగు దూలాల చివరలకు అతుకులు పడ్డాయి. పడమటి మిద్దె మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు మళ్లీ వేయించాము. పదకొండు మంది రెండు వరుసలుగా కూర్చుని ఆరు రోజులు దిమ్మిస కొట్టారు. చివరి రోజు మధ్యాహ్నం మా ఇంటి పిల్లలు కూడా చెక్క పలకలు పట్టుకుని వారితో కూర్చున్నారు. ఆ తరువాత నాలుగు రోజులకే అకాల వర్షం పడింది. మేము గడ్డి, గోనెలు, టార్పాలిను కప్పి ఉంచాము. లోపల ఒక్క చుక్క పడలేదు. కప్పని భాగం నీరంతా తూము నుంచి వాకిట్లోకి దూకి, కాలువ గుండా వీధిలోకి పోయింది. మేనత్త గారికి వీడియో పంపాను, వారు తిరిగి ఫోను చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సున్నం వాకిట్లోని తొట్టిలో నానుతోంది. వంటింటి వెనుక గోడ మీద మూడు నమూనాలు వేశాము, రెండవది పగలకుండా నిలిచింది. లోపలి గోడలను ఈ ఎండాకాలమంతా ఆరనిస్తాము. సిమెంటు మొత్తం చెక్కించాము, ఒక్క చోట తప్ప. ముందు గదిలో తలుపు పైన, పచ్చి సిమెంటు మీద మేకుతో నాన్నగారు మా అందరి పేర్లూ రాశారు. ఆ జానెడు భాగం ఉంచితే గోడకు హాని ఉంటుందా, ఇంజనీరు గారూ?


విశ్రాంత ఇంజనీరు రాశారు:

తలుపు పైన, ఆ ఎత్తులో, జానెడు భాగం వల్ల ఏ హానీ ఉండదమ్మా. దాని అంచుల చుట్టూ సున్నపు పూతను కలిపేయకుండా సన్నని గీత వదిలించండి, అప్పుడు రెండూ ఒకదాన్నొకటి లాగవు.